కాజీపేట నుంచి వరంగల్ దాకా రైలు చరిత్ర టూర్: అమ్మతో వెళ్ళొచ్చాను

ముందే చెప్పేస్తున్నాను, వెళ్ళండి. ముఖ్యంగా హన్మకొండ, కాజీపేట, వరంగల్‌లో పుట్టి పెరిగి, రోజూ ఫాతిమానగర్ బ్రిడ్జి మీదుగా పోతూ కూడా కింద ఉన్న ఆ పట్టాలు ఎప్పుడు పడ్డాయి, ఎవరి డబ్బుతో పడ్డాయి అని ఒక్కసారీ ఆలోచించని వాళ్ళు తప్పకుండా వెళ్ళండి. మొన్నటిదాకా నేనూ ఆలోచించలేదు. మనిషికి 350 రూపాయలు తీసుకున్నారు, పదేళ్ళలోపు పిల్లలకు సగం. వ్యాను, ప్లాట్‌ఫాం టికెట్టు, మధ్యలో ఒక టిఫిను అందులోనే. ఆదివారం పొద్దున ఆరున్నరకు కాజీపేట జంక్షన్ బయట కలవమన్నారు, పదకొండుకు వరంగల్ స్టేషన్ దగ్గర వదిలేస్తామన్నారు. మొదలైంది ఏడుంపావుకు, అయిపోయేసరికి పన్నెండు దాటింది. నా లెక్కలో కాజీపేట భాగానికి పదికి పది, బస్సుల భాగానికి నాలుగు, వరంగల్ భాగానికి అయిదు. ఎందుకో చెప్తాను.

అమ్మ కోసం వెళ్ళాను నేను. మా తాత, అంటే అమ్మ వాళ్ళ నాన్న, కాజీపేట స్టీమ్ షెడ్డులో ఫైర్‌మ్యాన్‌గా, అంటే ఆవిరి ఇంజన్‌లో బొగ్గు వేసే పనిలో చేశారు. అమ్మ పుట్టింది, పెరిగింది అంతా రైల్వే క్వార్టర్లలోనే. ఇప్పుడు డెబ్బై ఒకటి నడుస్తోంది, మోకాళ్ళు నొప్పులు, ఎక్కువ నడవలేదు. బుక్ చేసేటప్పుడు ఫోన్‌లో రెండుసార్లు అడిగాను, ఎంత నడవాలండీ, మెట్లున్నాయా అని. "ఎక్కువేం లేదు, అందరూ వస్తారు" అన్నారు. వెళ్ళాక చూస్తే కాజీపేట ఒక్కచోటే రెండు కిలోమీటర్ల పైన నడిపించారు, ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కించి దింపారు. అమ్మ ఇష్టంగానే నడిచింది, అది వేరే సంగతి. కానీ అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా. ఇంట్లో పెద్దవాళ్ళను తీసుకెళ్ళేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. ఒక చిన్న మడత స్టూలు వెంట ఉంటే చాలా నయం.

టూర్ నడిపేది ఇద్దరు. ఒకాయన లోకో పైలట్‌గా రిటైరైన పెద్దాయన, కాజీపేట భాగమంతా ఆయనదే. ఇంకొకరు చరిత్రలో ఎం.ఏ. చదువుతున్న అబ్బాయి, హన్మకొండ, వరంగల్ భాగాలు అతనివి. మేం పదహారు మందిమి వచ్చాం. కాలేజీ పిల్లలు అయిదుగురు, హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక జంట, ఇద్దరు పిల్లలతో ఒక టీచరమ్మ, మిగతా అంతా మా లాంటి లోకల్ వాళ్ళమే.

స్టేషన్ బయట చెట్టు కింద నిలబెట్టి పెద్దాయన మొదట చేసిన పని సుద్దముక్కతో నేల మీద ఒక త్రికోణం గీయడం. ఒక మూల కాజీపేట, అక్కడి నుంచి పడమటికి సికింద్రాబాద్, 132 కిలోమీటర్లు. ఇంకో మూల నుంచి వరంగల్, డోర్నకల్ మీదుగా విజయవాడ. మూడో మూల నుంచి ఉత్తరానికి జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ దాటి బల్లార్షా. ఢిల్లీ నుంచి మద్రాసు పోయే చాలా బండ్లు కాజీపేట స్టేషన్‌లోకి రాకుండానే త్రికోణంలో ఒక పక్క నుంచి వరంగల్‌కు వెళ్ళిపోతాయి. జీటీ, తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కాలంటే మనవాళ్ళు వరంగల్‌కే ఎందుకు పోవాలో నాకు ముప్పై ఏళ్ళ తర్వాత అర్థమైంది. ఇంత చిన్న బొమ్మ ఎవరైనా బడిలో గీసి చూపిస్తే ఎంత బాగుండేది అనిపించింది.

తర్వాత అడిగారు ఆయన, "ఈ లైను ఇటు ఎందుకొచ్చిందో ఎవరన్న చెప్తరా?" అని. కాలేజీ పిల్లల్లో ఒకరు ప్రయాణికుల కోసం అన్నారు, ఒకరు వరంగల్ కోట కోసం అన్నారు. ఆయన జేబులోంచి గోలీకాయ కంటే కొంచెం పెద్ద బొగ్గుముక్క తీసి చేతిలో పెట్టారు. "బొగ్గు లేకుంటే ఈడికి అప్పుడే రైలు వచ్చేదా బిడ్డా" అన్నారు.

ఆ తర్వాత ఆయన చెప్పిన వరుస నాకు ఇంకా కళ్ళ ముందే ఉంది. 1871లో జియలాజికల్ సర్వే వాళ్ళ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టాడు. అప్పటికి నిజాం రాజ్యం రాజధానికి రైలే లేదు. 1874లో కర్ణాటకలో ఉన్న వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు మొదటి లైను పడింది, బొంబాయి మద్రాసు లైనుకు హైదరాబాద్‌ను కలపడానికి. అక్కడ ఆగిపోయింది. ఇటువైపు సికింద్రాబాద్ నుంచి వరంగల్ దాకా బండి రావడానికి ఇంకో పన్నెండేళ్ళు పట్టింది, 1886లో వచ్చింది. ఇక అక్కడి నుంచి ఆగలేదు. 1888కల్లా డోర్నకల్, డోర్నకల్ నుంచి బొగ్గు గనులకు బ్రాంచి లైను, 1889లో బెజవాడ. ఆ 1889లోనే ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైంది. పక్కనున్న సింగరేణి అనే ఊరి పేరే తర్వాత కంపెనీకి వచ్చింది, 1920లో సింగరేణి కాలరీస్ అయ్యింది. రైలుకు బొగ్గు కావాలి, బొగ్గుకు రైలు కావాలి. రెండూ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి, మధ్యలో మన ఊళ్ళు రైలు ఊళ్ళయ్యాయి.

ఇక్కడే ఆయన ఒక విషయం చెప్పారు, నేను అస్సలు వినలేదు ఎప్పుడూ. ఈ రైలును అప్పట్లో "నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే" అనేవాళ్ళు. గ్యారంటీ అంటే ప్రయాణికుడికి గ్యారంటీ అనుకున్నాను నేను. కాదట. లండన్‌లో డబ్బు పెట్టిన వాటాదార్లకు గ్యారంటీ. రైలుకు లాభం వచ్చినా రాకపోయినా వాళ్ళకు ఏటా 5 శాతం వడ్డీ నిజాం ఖజానా నుంచి వెళ్ళాలి. ఖజానా అంటే రైతుల శిస్తు. 1883లో చాందా (ఇప్పటి చంద్రాపూర్) వైపు రైలు వేసే ఈ స్కీము బయటికి వచ్చినప్పుడు హైదరాబాద్‌లో చదువుకున్నవాళ్ళు గట్టిగా అడ్డం తిరిగారు. ఈ లెక్కలు ప్రజలకు చూపించండి, చర్చ పెట్టండి అన్నారు. అలా అడిగినవాళ్ళలో అఘోరనాథ్ చట్టోపాధ్యాయ ఒకరు, సరోజినీ నాయుడు తండ్రి. అడిగినందుకు ఆయన్ను ఉద్యోగంలోంచి తప్పించి రాజ్యం నుంచే పంపించేశారు. అప్పటికి సరోజినికి నాలుగేళ్ళు. కాజీపేట స్టేషన్ బయట, ఆటోల హారన్ల మధ్య నిలబడి ఇది విన్నాను. రైలు వచ్చింది, మంచి జరిగింది అని ఒక్క మాటలో చదువుకున్నాం మనం. ఎవరు కట్టారు, ఎవరి జేబులోంచి పోయింది అనేది కూడా అదే కథలో ఉంది. రైల్వేలో ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసి, రైలంటే ప్రాణంగా ఉండే మనిషి ఈ మాట దాచకుండా చెప్పడం నాకు చాలా నచ్చింది. 1930 ఏప్రిల్‌లో నిజాం ప్రభుత్వం ఆ కంపెనీ నుంచి రైలును కొనేసుకుంది, 1951లో భారత రైల్వేలో కలిసింది, 1966 అక్టోబర్ 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. ఇవన్నీ మాత్రం ఆయన నడుస్తూ నడుస్తూ చెప్పేశారు.

ప్లాట్‌ఫాం మీద అసలు సంగతి టోకెన్. నా మటుకు నాకు ఈ ఒక్క అరగంటకే 350 రూపాయలు వసూలైపోయాయి.

ఒంటి లైను ఉన్న రోజుల్లో రెండు స్టేషన్ల మధ్య ఒకే పట్టా, అటు బండ్లూ ఇటు బండ్లూ దాని మీదే పోవాలి. రెండు ఎదురెదురుగా రాకుండా ఎలా ఆపాలి? ప్రతి స్టేషన్‌లో ఒక ఇనుప పెట్టె లాంటి మిషన్, పక్క స్టేషన్‌లో దాని జోడీ. రెండింటికీ కరెంటు తీగతో కనెక్షన్. మిషన్‌లో ఇనుప గుండ్లు ఉంటాయి, టోకెన్ అంటే ఈ గుండే. స్టేషన్ మాస్టర్ గంట కొట్టి పక్క స్టేషన్‌ను అడుగుతాడు, అక్కడి మాస్టర్ ఒప్పుకుంటేనే ఇక్కడ ఒక గుండు బయటికి పడుతుంది. ఆ గుండు చేతిలో ఉంటేనే డ్రైవర్ బండి తీయాలి. గుండు అవతలి స్టేషన్‌కు చేరి అక్కడి మిషన్‌లో పడేదాకా రెండు మిషన్లలో ఏదీ ఇంకో గుండు ఇవ్వదు. అంటే ఆ ముక్క మీద ఒక్క బండే ఉంటుంది, రెండోది ఉండడానికి దారే లేదు. ఎంత సింపుల్‌గా ఉంది, ఎంత గట్టిగా ఉంది.

ఆగే బండికైతే గుండు చేతికిస్తారు. ఆగని బండికి? ఆయన సంచిలోంచి బెత్తంతో చేసిన పెద్ద రింగు తీశారు, కిందివైపు తోలు సంచి కట్టి ఉంది, ఆ సంచిలో గుండు వేస్తారు. పాయింట్స్‌మ్యాన్ ప్లాట్‌ఫాం చివర నిలబడి రింగు ఎత్తి పట్టుకుంటాడు, పరుగెత్తే ఇంజన్ మీది నుంచి ఫైర్‌మ్యాన్ బయటికి వంగి చెయ్యి చాపి రింగులో దూర్చి లాక్కుంటాడు. వెనకటి స్టేషన్ గుండును అదే ఊపులో కిందికి విసిరేస్తాడు. రాత్రయితే దివిటీ వెలుగులో. వానొచ్చినా అంతే. టీచరమ్మ పిల్లాడి చేతికి రింగిచ్చి నిలబెట్టి ఆయన పక్క నుంచి వడివడిగా నడుస్తూ మోచేయి దూర్చి లాగి చూపించారు. నడక వేగానికే దెబ్బ తగిలిన చప్పుడు వినిపించింది. "నలభై స్పీడులో ఊహించుకోండ్రి" అన్నారు.

అమ్మ అప్పటిదాకా ఏం మాట్లాడలేదు. బెంచీ మీద కూర్చుని చూస్తోంది. ఒక్కసారిగా తన కుడిచేయి మోచేతి పైన పట్టుకుని, "తమ్మీ, మా బాపుకు ఇక్కడ ఎప్పటికీ నల్లగ కమిలి ఉండేది. కాలింది కావచ్చు అనుకున్నం మేమంతా" అంది. పెద్దాయన వచ్చి పక్కన కూర్చుని తన చొక్కా చెయ్యి పైకి లాగి చూపించారు. "కాలలేదక్కా, ఇదిగో ఇదే" అన్నారు. ఆయనకూ అక్కడే మచ్చ. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయనా ఫైర్‌మ్యానే, తర్వాత డీజిల్‌కు, ఎలక్ట్రిక్‌కు మారారు. మా తాత పోయి పాతికేళ్ళు దాటింది. అంతకాలం ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి ఒక బెత్తపు రింగు చెప్పింది. అమ్మ ఆ రింగును ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఇవ్వలేదు. ఆయనా అడగలేదు, మిగతా వాళ్ళను తీసుకుని కొంచెం ముందుకు వెళ్ళి అక్కడ మాట్లాడారు. మంచి గైడ్ అంటే నాకు ఇదే.

తర్వాత కాలనీ, షెడ్లు. ఇక్కడ ఒకటి ముందే తెలుసుకోండి, షెడ్డు లోపలికి తీసుకెళ్ళరు, బయట రోడ్డు మీద నిలబెట్టే చెప్తారు. ఇంజన్లు దూరం నుంచే కనపడతాయి. పిల్లలు కొంచెం డీలాపడ్డారు. ఆ లోటు ఆయన మాటలు తీర్చాయి. స్టీమ్ ఇంజన్ రోజుల్లో డ్యూటీకి ముందే వచ్చి బూడిద దులపాలి, నిప్పు పరచాలి, ఆవిరి తయారవ్వాలి. దారంతా పారతో బొగ్గు వేస్తూనే ఉండాలి, అదీ ఒక్కచోట కుప్పపోయకుండా మూలలకు సమానంగా పడేలా విసరాలి, గాజు గొట్టంలో నీటిమట్టం చూస్తూ ఉండాలి. నీళ్ళు తగ్గితే ప్రాణం మీదికొస్తుంది. ఎండాకాలం రామగుండం వైపు డ్యూటీ అంటే బయట నలభై అయిదు డిగ్రీలు, ముందర కొలిమి. అమ్మకు గుర్తున్నది వేరే. తాత డ్యూటీ దిగి ఇంటికొస్తే అమ్మమ్మ మొదట నీళ్ళు తోడేదట, ఒంటి మీది బొగ్గు పోయేదాకా పిల్లల్ని దగ్గరికి పోనిచ్చేది కాదట. కాల్ బాయ్ అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టి డ్యూటీకి పిలవడం, పండుగపూట సకినాలు చేస్తుంటే మధ్యలో లేచి వెళ్ళిపోవడం, ఇవన్నీ ఆమె చెప్తుంటే కాలేజీ పిల్లలు గైడ్‌ను వదిలేసి ఆమె చుట్టూ చేరారు.

బల్లార్షా లైను కథ కూడా ఇక్కడే చెప్పారు. కాజీపేట నుంచి బల్లార్షాకు దాదాపు 235 కిలోమీటర్లు, చాలా భాగం అడవి, మధ్యలో గోదావరి. 1929 నాటికి అది పూర్తయ్యాకే మద్రాసు నుంచి ఢిల్లీకి నేరుగా దారి పడింది. అంతకుముందు బొంబాయి వైపో కలకత్తా వైపో తిరిగి పోవాల్సిందే. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ 1929లో మొదలైనప్పుడు పెషావర్ నుంచి మంగళూరు దాకా నడిచేదట, మరుసటి ఏడాది నుంచి ఢిల్లీ మద్రాసు బండి అయ్యింది. పెషావర్ బండి మన ఊరి మీదుగా పోయేదన్న మాట విని అమ్మ నమ్మలేదు, రెండుసార్లు అడిగించుకుంది. ఆ లైను పడ్డాకే కాజీపేట నిజంగా జంక్షన్ అయ్యింది. అంతకుముందు కాజీపేట అంటే దర్గా ఊరు, ఖాజీ అయిన అఫ్జల్ బియాబానీ గారి పేరు మీద వచ్చిన ఊరు. ఇప్పటికీ ఉర్సుకు ఎక్కడెక్కడి నుంచో రైళ్ళలో జనం వస్తారు కదా.

గుంపులో ఒకాయన కోచ్ ఫ్యాక్టరీ గురించి అడిగారు. టూర్‌లో లేని విషయం అది, అయినా పెద్దాయన తప్పించుకోలేదు. 1980ల్లో కాజీపేటకు అనుకున్న కోచ్ ఫ్యాక్టరీ పంజాబ్‌లోని కపూర్తలాకు పోయింది, తర్వాత ఎన్ని ధర్నాలు, ఎన్ని రైల్‌రోకోలు, 2014 విభజన చట్టంలో తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీ వీలును పరిశీలించాలని రాయించుకున్నాం, చివరికి 2023 జూలై 8న ప్రధాని వరంగల్ వచ్చి అయోధ్యాపురం దగ్గర కట్టే రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేశారు. నలభై ఏళ్ళ ఆశ. మా మేనమామలు ఇద్దరు ఆ ఉద్యోగాల కోసం ఐటీఐ చేసి ఎదురుచూసి చివరికి వేరే ఊళ్ళు పట్టుకున్నారు. ఈ ఊళ్ళో ప్రతి రైల్వే ఇంట్లో ఇలాంటి మనుషులున్నారు. అలాంటి విషయం ఎవరో అడిగితేనే రావడం బాగోలేదు, టూర్‌లోనే పెట్టాలి.

టిఫిన్ గురించి రెండు మాటలు. ఇడ్లీ, వడ, చాయ్ ఇచ్చారు. వేడిగా ఉన్నాయి, చట్నీ బాగుంది. సర్వపిండి పెట్టి ఉంటే ఇంకా బాగుండేది, రైల్వే వాళ్ళ డబ్బాల్లో ఎక్కువగా కనపడేది అదేనని అమ్మ చెప్పింది, రెండ్రోజులైనా చెడిపోదు కాబట్టి.

ఇక వ్యాన్ ఎక్కాక టూర్ జారిపోయింది. నిట్ గేటు, సుబేదారి, అదాలత్ మీదుగా హన్మకొండ బస్టాండుకు తీసుకెళ్ళారు, బస్సుల చరిత్ర చెప్తామని. నిజానికి మంచి కథ ఉంది అక్కడ. 1932లో మన దగ్గర సర్కారు బస్సులు మొదలుపెట్టింది నిజాం రైల్వేనే. రైల్వేలోనే రోడ్డు రవాణా శాఖ పెట్టి 27 బస్సులు, 166 మంది సిబ్బందితో నడిపారు. అంటే ఈ రోజు మనం ఎక్కే ఆర్టీసీ బస్సు రైలు కడుపున పుట్టిందే. రైలు దిగినవాడు ఊరికి ఎలా పోవాలి అనే ప్రశ్నకు రైలు నడిపేవాళ్ళే జవాబు వెతికారు. ఇప్పుడు కాజీపేట స్టేషన్‌లో రాత్రి పదకొండుకు దిగి ఆటో బేరాలతో విసిగిపోయేవాళ్ళకు ఈ మాట విలువ తెలుస్తుంది. ఇంత సరుకు పెట్టుకుని ఆ అబ్బాయి బస్టాండులో పది నిమిషాలే ఆపాడు, అందులో సగం టైము నంబర్ ప్లేట్ మీది జడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని చెప్పుకునే కథకే పోయింది. వినడానికి బాగుంది, పిల్లలు వెంటనే బస్సుల మీద జడ్‌లు లెక్కపెట్టారు. కానీ ఆ 166 మంది ఎవరు, ఏ దారుల్లో తిరిగారు, టికెట్టు ఎంత అనేది ఒక్కటీ లేదు. రిటైరైన కండక్టర్ ఒకరినైనా పిలిచి మాట్లాడిస్తే ఈ భాగం లేచి నిలబడుతుంది.

వ్యాన్‌లోనే అమ్మ 1974 సమ్మె గురించి ఎత్తింది. ఆ ఏడు మే 8 నుంచి ఇరవై రోజులు దేశమంతా రైళ్ళు ఆగిపోయాయి, రైల్వే కార్మిక నాయకుడు జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వంలో. మా తాత కూడా సమ్మెలో ఉన్నారు. అమ్మమ్మ మడికొండలో చుట్టాల దగ్గర జొన్నలు తెచ్చి ఇరవై రోజులూ గటక వండిందట, ఇంట్లో అయిదుగురు పిల్లలు. "సైరన్ లేదు, కూత లేదు, కాజీపేట అంత నిశ్శబ్దంగా మళ్ళీ ఎప్పుడూ లేదు" అంది అమ్మ. వ్యాన్‌లో అందరూ వింటున్నారు. ఆ అబ్బాయి మాత్రం ముందు సీట్లో కూర్చుని తర్వాత చెప్పాల్సింది కాగితంలో చూసుకుంటున్నాడు. తిట్టడానికి అనడం లేదు, చిన్నవాడు, కష్టపడి చదువుకొచ్చాడు. కానీ కాగితంలో లేనిది పక్క సీట్లోనే ఉన్నప్పుడు వెనక్కి తిరిగి వినాలి.

వరంగల్ స్టేషన్. కొత్తగా చాలా బాగు చేశారు, అమృత్ భారత్ పథకం కింద, 2025 మే 22న ప్రారంభమైంది. ముందు భాగంలో కాకతీయుల శిల్పకళ తీరు కనిపిస్తుంది, చూస్తే ముచ్చటేస్తుంది. ఆ అబ్బాయి ఇక్కడ నలభై నిమిషాలు మాట్లాడాడు. అందులో ముప్పై నిమిషాలు గణపతిదేవుడు, రుద్రమదేవి, తోరణాలు, ఆ తర్వాత నిజాం వైభవం. ఇవన్నీ మనం ఏ కోట టూర్‌కు వెళ్ళినా వింటాం. రైలు చరిత్ర అని డబ్బు తీసుకుని మళ్ళీ అదే చెప్తే ఎలా? పైగా వరంగల్‌కు 1874లో రైలు వచ్చిందన్నాడు. అది వాడి, సికింద్రాబాద్ లైను సంవత్సరం, వరంగల్‌కు 1886 అని పొద్దున పెద్దాయన చెప్పిందే. పక్కకు పిలిచి మెల్లగా చెప్పాను, వెంటనే ఒప్పుకుని అందరికీ మళ్ళీ సరిగ్గా చెప్పాడు. ఆ గుణం మంచిది, ముందుకొస్తాడు.

వరంగల్‌లో చెప్పాల్సింది ఎంతో ఉంది. 1934లో వచ్చిన ఆజంజాహి మిల్లు, ఆ షిఫ్టుల సైరన్‌కు లేచి పడుకున్న ఊరు. పత్తి, మిర్చి బస్తాలు మోసిన హమాలీలు. స్టేషన్ అవతల శివనగర్, అండర్ బ్రిడ్జి కింద వానొస్తే నిలిచే నీళ్ళు, ఆ బ్రిడ్జి దాటితే కోట. పట్టాలు ఊరిని రెండు చేశాయి, అటు పక్క ఉన్నవాళ్ళ బతుకు ఒకలా, ఇటు పక్క వాళ్ళది ఒకలా సాగింది. మా స్నేహితులు శివనగర్ వాళ్ళు చిన్నప్పుడు గూడ్సు అడ్డం నిలబడిందని బడికి ఆలస్యంగా వచ్చేవాళ్ళు. ఇది కదా రైలు చరిత్ర. కాజీపేటలో ఆయన చేసింది అదే, పట్టా పక్కన బతికిన మనిషి చెయ్యి పట్టుకుని చెప్పారు. వరంగల్ భాగాన్ని కూడా అలా మార్చాలని నిర్వాహకులకు అక్కడే చెప్పాను, రాసుకున్నారు.

ఇంకొన్ని చిన్న ఇబ్బందులు. ప్లాట్‌ఫాం మీద అనౌన్స్‌మెంట్ వచ్చినప్పుడల్లా ఆయన గొంతు వినపడదు, వెనక ఉన్నవాళ్ళు సగం వదులుకోవాల్సిందే, ముందు నిలబడండి. నీళ్ళ బాటిల్ ఒక్కటే ఇచ్చారు, అది తొమ్మిదింటికే అయిపోయింది. టోపీ, గొడుగు మీరే తెచ్చుకోవాలి. బాత్రూం కోసం స్టేషన్‌లో ఉన్నప్పుడే వెళ్ళిపోండి, కాలనీ వైపు వెళ్ళాక కష్టం. ఆడవాళ్ళకు ఈ మాట ముందుగా ఎవరూ చెప్పలేదు. ఎండాకాలంలో పెట్టుకోకండి, నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య అయితే హాయిగా ఉంటుంది. పిల్లలు ఏడెనిమిదేళ్ళు దాటినవాళ్ళయితే టోకెన్ ఆట బాగా ఎంజాయ్ చేస్తారు, అంతకంటే చిన్నవాళ్ళు అలిసిపోతారు. ఇంట్లో రైల్వేలో పనిచేసిన పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే ఎలాగైనా తీసుకెళ్ళండి, బుక్ చేసేటప్పుడే ఆ సంగతి చెప్పండి, పెద్దాయన వాళ్ళ కోసం టైము ఇస్తారు.

టూర్ వరంగల్ స్టేషన్ దగ్గరే అయిపోతుంది, వెనక్కి తీసుకెళ్ళరు. మా బండి కాజీపేటలో పెట్టాం. ఆటో మాట్లాడదామంటే అమ్మ వద్దంది, కాజీపేట వైపు పోయే ప్యాసింజర్ ఎప్పుడుందో కనుక్కోమంది. అరగంట ఆగి ఎక్కాం. పది కిలోమీటర్లే, కూర్చున్నట్టే ఉండదు. అమ్మ కిటికీ పక్కన కూర్చుని, కాజీపేట దగ్గర పడుతుంటే లేచి తలుపు దాకా వచ్చింది. కమ్మీ పట్టుకుని, కుడిచేయి కొంచెం బయటికి చాపి, ఇంత దూరం వంగాలా అని నన్ను అడిగింది. నేను ఆమె భుజం పట్టుకుని లోపలికి లాగాను. దిగాక స్టేషన్ బయట పెద్దాయన ఇంకా అక్కడే ఉన్నారు, సంచి సర్దుకుంటూ. అమ్మ వెళ్ళి అదే మాట ఆయన్ను అడిగింది. ఇద్దరూ చెట్టు కింద కూర్చున్నారు, నేను చాయ్ తేవడానికి వెళ్ళాను.